పేరు పెట్టిన సర్వర్లు

సొంత యంత్రం కొనకుండా, పెద్ద సంస్థల డేటా సెంటర్లలోని కంప్యూటర్లను వాడుకున్నంత సేపటికే అద్దె చెల్లించి నడుపుకొనే పద్ధతిని క్లౌడ్ అంటారు. అక్కడ ప్రతి సర్వరూ ఒక ‘ఇమేజ్’ నుంచి పుడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్, దానిపై ఎక్కించిన సాఫ్ట్‌వేరు, భద్రతా సెట్టింగులు అన్నిటినీ ఒకనాటి స్థితిలో నిలిపి దాచిన ప్రతినే ఇమేజ్ అంటారు. చిక్కంతా ఆ ‘ఒకనాటి స్థితి’లోనే ఉంది. దాచిన మర్నాటి నుంచే ఇమేజ్ పాతబడుతుంది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్, 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌షెల్ వంటి లోపాలు పండగనీ పెళ్లనీ చూడకుండా బయటపడినప్పుడు, ఆ పాత ఇమేజ్ నుంచి కొత్తగా లేచిన సర్వరు కూడా పుట్టుకతోనే రోగిష్ఠి అవుతుంది.

దీనికి వెనకటి వైద్యం, అర్ధరాత్రి రద్దీ తగ్గాక ఒక ఇంజినీరు ఒక్కొక్క సర్వరులోకి లాగిన్ అయి చేత్తో ప్యాచ్ వేయడం. 2020 కరోనా కాలంలో ల్యాప్‌టాపు సంచిలో పెట్టుకుని హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ పలాసకో రాజాంకో తిరిగొచ్చిన యువకుల ఇళ్లలో ఈ వైద్యానికి తల్లులే సాక్షులు. “ఏట్రా, ఇంకా అవ్వలేదేటి? కూడు సల్లారిపోతంది” అన్న పిలుపుకు “ఇదొక్కటే అమ్మా, అయిపోతాది” అన్న జవాబు వచ్చేది గాని, ఆ ఒక్కటి తరవాత మరొకటి ఉండేది. చివరి సర్వరుకు వచ్చేసరికి నిద్ర కమ్మి ఒక కమాండు జారిపోతుంది, తెల్లారేసరికి కవలలుగా పుట్టిన సర్వర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టలేని స్థితికి చేరతాయి; ఈ పరిణామాన్నే శాస్త్రంలో కాన్ఫిగరేషన్ డ్రిఫ్ట్ అంటారు.

సర్వరు చివరకు ఎలా ఉండాలో ఒక ఫైలులో రాసి ఇస్తే, దాన్ని ఆ స్థితికి తెచ్చే పూచీ తామే తీసుకునే పరికరాలను కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ సాధనాలంటారు. 1993లో మార్క్ బర్జెస్ రూపొందించిన సీఎఫ్ఇంజిన్‌తో మొదలైన ఈ వంశంలో 2005లో పపెట్, 2009లో షెఫ్, 2012లో ఆన్సిబుల్ పుట్టాయి. ఆన్సిబుల్‌కు ఇచ్చే ఆజ్ఞాపత్రాన్ని ప్లేబుక్ అంటారు. దాన్ని మొదటిసారి నడిపితే తెరమీద పసుపు రంగులో ‘ఛేంజ్డ్’ అనీ, వెంటనే మళ్లీ నడిపితే ఆకుపచ్చలో ‘ఓకే’ అనీ వరసలు కనిపిస్తాయి. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒక్కటే అయ్యే ఈ గుణానికి ఐడెంపొటెన్సీ అని పేరు. అయిపోయిన పనిలో మళ్లీ వేలు పెట్టకపోవడం ఆఫీసర్లలో కూడా అరుదుగా కనిపించే గుణం.

ఇమేజ్ తయారీకి 2013లో వచ్చిన ప్యాకర్ అనే సాధనం ఆన్సిబుల్‌కు తోడవుతుంది. అది అసలు ఇమేజ్ నుంచి ఒక తాత్కాలిక సర్వరును లేపి, దానిమీద ప్లేబుక్ నడిపించి, ఆపి, కొత్త ఇమేజ్ తీసుకుని, ఆ సర్వరును నిర్దాక్షిణ్యంగా రద్దు చేస్తుంది. నెలనెలా దానంతటదే జరిగేలా షెడ్యూలు పెడితే అమ్మ పెట్టిన అన్నం వేడిగానే తినవచ్చు. అయితే అమెజాన్ క్లౌడ్‌లో ప్రతి ఇమేజ్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, అది ప్రాంతానికి కట్టుబడి ఉంటుంది. 2016లో మొదలైన ముంబై ప్రాంతంలో చేసిన ఇమేజ్‌ను 2022లో వచ్చిన హైదరాబాదు ప్రాంతానికి కాపీ చేస్తే అక్కడ మరో సంఖ్య పుడుతుంది. ఎవరో ఒకరు పాత సంఖ్యను సర్వర్లను లేపే ఫైలులో చేత్తో రాసి ఉంచితే, కొత్త ఇమేజ్ నెలనెలా శ్రద్ధగా తయారవుతూనే ఉంటుంది, సర్వర్లూ అంతే శ్రద్ధగా పాతదాని నుంచే పుడుతూ ఉంటాయి.

సర్వర్లను ముద్దుగా పెంచుకునే కుక్కపిల్లల్లా కాక మందలోని పశువుల్లా, ఒకటి పోతే మరొకటి అన్నట్టు చూడాలన్నది ఈ వృత్తిలో నలిగిన సూత్రం. కనుమ నాడు పశువుల్ని కడిగి, కొమ్ములకు రంగులు వేసి, గౌరీ, లచ్చిమీ అని పేరు పెట్టి పిలిచే జిల్లాల్లో ఈ సూత్రం తలకెక్కదు. అక్కడివారికి నచ్చజెప్పడానికి సిరిమాను మేలు. విజయనగరం పైడితల్లి అమ్మవారి ఉత్సవంలో, విజయదశమి తరవాతి మంగళవారం, చదురుగుడి నుంచి కోట వరకు పూజారిని కొసన కూర్చోబెట్టి మూడుసార్లు తిప్పే ఆ పొడవాటి చింతమాను ఏటా కొత్తదే. పోయినేటి మాను గట్టిగానే ఉంది కదా, రెండు మేకులు దిగ్గొట్టి రంగు పూద్దామని ఎవరూ అనరు. మరమ్మతు చేయకుండా మొత్తంగా మార్చే ఈ పద్ధతినే క్లౌడ్ పండితులు ఇమ్యూటబుల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అని ఆలస్యంగా కనుక్కున్నారు. చెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని భక్తుల నమ్మకం. ప్యాకర్‌కు ఆ సౌకర్యం లేదు, ‘అన్నిటికన్నా కొత్తది’ అని ఫిల్టరు రాయాలి.

ఇంత చేసినా ప్రతి కంపెనీలోనూ ఒక గౌరి మిగులుతుంది. సెంటాస్ 7కు 2024 జూన్ 30తో మద్దతు ముగిసినా అది ఆ సెంటాస్ మీదే నడుస్తుంది, జీతాల లెక్కలు చూస్తుంది. సర్వర్ల జాబితా ఫైలులో దాని వరస ముందు హ్యాష్ గుర్తు ఉంటుంది, అంటే ఆన్సిబుల్ ఆ వరసను చదవదు. పక్కనే ‘దీన్ని ముట్టుకోవద్దు’ అని రాసి ఉంటుంది. రాసినవారు ఉద్యోగం మారి చాన్నాళ్లయింది. ఆ గుర్తు చెరిపే విషయం ప్రతి నెలా మీటింగులో చర్చకు వస్తుంది, ఒకటో తారీఖు దగ్గర్లోనే ఉందని తేలి వచ్చే నెలకు వాయిదా పడుతుంది.