సందు మాది, జాగ్రత్త మీది

లండన్ భూగర్భ రైలుకు ప్రయాణికుల మీద ఎంత ఆపేక్షో తెలియాలంటే దాని మాటలు వినాలి. దిగేటప్పుడు చూసుకోమంటుంది. తలుపులకు దూరంగా నిలబడమంటుంది. సామాను వదిలి వెళ్లొద్దంటుంది. ఎవరూ అడక్కపోయినా, మిగతా లైన్లన్నీ చక్కగా నడుస్తున్నాయని కూడా చెబుతుంది. కన్నతల్లి అయినా ఇన్నిసార్లు జాగ్రత్తలు చెప్పదు. ఎందుకింత శ్రద్ధ అని అడిగితే అన్ని రైలు సంస్థలదీ ఒకటే సమాధానం: మీ భద్రతే మా ప్రాధాన్యం. ఆ గొంతు ఎలా పుట్టిందో మాత్రం ఏ స్పీకరూ చెప్పదు. చెబితే ప్రాధాన్యం దేనికో తేలిపోతుంది.

ముందు రైలుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య ఉండే సందు సంగతి చూడాలి. ఇప్పుడు సెంట్రల్ లైన్ అంటున్న సెంట్రల్ లండన్ రైల్వే 1900లో మొదలైంది. ప్రైవేటు ఆస్తుల కింద సొరంగం తవ్వితే యజమానులకు సొమ్ము చెల్లించుకోవాలి. వీధుల కింద తవ్వితే ఆ బెడద లేదు. కాబట్టి పైన వీధి ఎటు తిరిగితే కింద రైలు కూడా అటే తిరిగింది. బ్యాంక్ స్టేషన్ దగ్గర ఆ తిరుగుడు మరీ ఎక్కువై ప్లాట్‌ఫారమే వంగిపోయింది. వంగిన ప్లాట్‌ఫారం పక్కన తిన్నని పెట్టెలు ఆగితే ఒకచోట ఆనుకుంటాయి, ఇంకోచోట ఎడం జరుగుతాయి. ఆ ఎడం కొన్ని చోట్ల ఇంచుమించు అడుగు ఉంటుంది. ఎంబాంక్‌మెంట్ స్టేషన్ది ఇంకో కథ. ఇప్పుడు నార్తర్న్ లైన్ అంటున్న దారిని 1914లో అక్కడిదాకా పొడిగించినప్పుడు, రైలును ఆపి వెనక్కి మళ్లించే పని లేకుండా థేమ్స్ నది కిందుగా ఒంటి పట్టాతో గుండ్రంగా చుట్టు వేశారు. రైలు హాయిగా తిరిగి వచ్చేది. దిగేవాడికి మాత్రం వంపు, వంపుతో పాటు సందు మిగిలాయి.

కొన్ని దశాబ్దాల పాటు డ్రైవర్లూ స్టేషన్ సిబ్బందీ నోటితోనే అరిచి చెప్పారు. ఆఖరికి 1968లో ఆ పని యంత్రానికి అప్పగించారు. అప్పట్లో మాటను దాచిపెట్టే మెమరీ బంగారం ధర. కాబట్టి హెచ్చరిక ఎంత పొట్టిగా ఉంటే అంత లాభం. అలా 'మైండ్ ద గ్యాప్' (సందు చూసుకోండి) అనే మూడు ముక్కలు ఖాయమయ్యాయి. అందులో దయచేసి అన్న మాట లేదు, క్షమించండి అన్న మాట అసలే లేదు.

ఆ మూడు ముక్కలు చదవడానికి బేస్‌వాటర్‌లోని రీడన్ రికార్డర్స్ స్టూడియోకి ఒక నటుణ్ణి పిలిచారు. ఆయన చదివాడు. చదివి, ప్లాట్‌ఫారం మీద వినిపించినందుకు రాయల్టీ ఇవ్వాలన్నాడు. అడగరానిది అడిగాడు పాపం! స్టూడియో యజమాని పీటర్ లాడ్జ్ సౌండ్ ఇంజినీరు. పరికరాలు సరిచూసుకోవడానికి అవే మాటలు తన గొంతుతో రికార్డు చేసి ఉంచుకున్నాడు. నటుణ్ణి పక్కనపెట్టి దాన్నే వాడేశారు. మన ఊళ్లో సభ మొదలయ్యే ముందు మైకువాడు 'హలో, మైక్ టెస్టింగ్' అంటాడే, ఆ ముక్కనే ముఖ్య అతిథి ఉపన్యాసంగా ఖాయం చేసినట్టన్నమాట. భూస్వాములకు పైసా ఇవ్వకూడదని వంపు, నటుడికి పైసా ఇవ్వకూడదని గొంతు. ఇక ఆ మూడు ముక్కల్నే టీషర్టుల మీదా కప్పుల మీదా అచ్చేసి పర్యాటకులకు అమ్ముతున్నారు. తన లోపాన్ని బ్రాండ్ చేసి అమ్ముకోగలిగిన సంస్థకు మార్కెటింగ్ పాఠాలు ఎవరు చెప్పగలరు?

గొంతు కొనుక్కున్నాక మనిషితో పనేముంది? ఎమ్మా క్లార్క్ అనే కళాకారిణి 1999 నుంచి లండన్ రైళ్లలో ప్రకటనలు చదివారు. 2007లో ఆవిడ తన వెబ్‌సైట్‌లో సరదాకి కొన్ని ఉత్తుత్తి ప్రకటనలు పెట్టారు. గట్టిగా మాట్లాడే అమెరికన్ పర్యాటకుల మీద చురక వంటివి. దానికి తోడు ఒక పత్రిక, రైలు ప్రయాణం దుర్భరమని ఆవిడ అన్నట్టు రాసింది. రైలులో కూర్చుని తన గొంతే తాను వినడం దుర్భరమని మాత్రమే అన్నానని ఆవిడ మొత్తుకున్నారు. సంస్థ వినిపించుకోలేదు. ఆమెకు ఇవ్వాల్సిన కాంట్రాక్టులు 'తీవ్ర ఆలస్యంగా' నడుస్తున్నాయని ప్రకటన బాణీలోనే జోకు వేసి మరీ సాగనంపింది. హాస్యం నేరమైతే ఆ జోకు వేసిన సంస్థ ప్రతినిధికి శిక్ష ఎందుకు పడలేదో! విచిత్రమేమిటంటే ఆ మర్నాడు కూడా రైళ్లలో ఆవిడ గొంతే మోగింది. మనిషిని తీసేశారు, గొంతుకు డ్యూటీ తప్పలేదు.

ఇక్కడ ఒక మంచి మాట కూడా చెప్పుకోవాలి. నార్తర్న్ లైన్‌లో హెచ్చరిక చదివిన నటుడు ఆస్వాల్డ్ లారెన్స్ 2007లో పోయాడు. డాక్టరైన ఆయన భార్య ఆ గొంతు కోసం ఎంబాంక్‌మెంట్ స్టేషన్‌కి వెళ్తూ ఉండేది. 2012 చివర్లో కొత్త డిజిటల్ వ్యవస్థ వచ్చి ఆ గొంతు మాయమైంది. ఆవిడ అడిగితే సిబ్బంది పాత రికార్డింగు వెతికి తీసి, 2013లో ఆ ఒక్క ప్లాట్‌ఫారం మీద మళ్లీ పెట్టారు. ఆ సిబ్బందికి దణ్ణం పెట్టాల్సిందే. అంత చేసిన వ్యవస్థ 1914 నాటి వంపు జోలికి మాత్రం పోలేదు.

ఇన్ని మాటలు చెప్పే స్పీకరు, నిజంగా చెప్పాల్సినప్పుడు మాత్రం గుట్టుగా మాట్లాడుతుంది. ఇన్‌స్పెక్టర్ శాండ్స్ వెంటనే ఆపరేషన్స్ రూముకు రావాలని రికార్డు మోగితే, ఫైర్ అలారం మోగి ఉండొచ్చని సిబ్బందికి సంకేతం. జనం కంగారు పడకూడదని ఈ ముసుగు. ఆ ఇన్‌స్పెక్టర్ ఎవరో నగరంలో తెలియనివాళ్లు తక్కువన్నది వేరే విషయం.

రికార్డు చేసిన గొంతు పనికిరానిదని కాదు. మాస్కోలో నగర కేంద్రం వైపు వెళ్లే రైలులో మగ గొంతు, కేంద్రం నుంచి బయటికి వెళ్లే రైలులో ఆడ గొంతు స్టేషన్ల పేర్లు చెబుతాయి. రింగు లైన్‌లో సవ్యదిశకు మగ, అపసవ్యదిశకు ఆడ. చూపు లేనివాళ్లకు కూడా ఎటు వెళ్తున్నారో ఇట్టే తెలుస్తుంది. ఆ గొంతు ప్రయాణికుడి పని చేస్తోంది, సంస్థ తప్పును కప్పిపుచ్చడం లేదు.

మనమూ తక్కువ తినలేదు. విజయవాడలోనో సికింద్రాబాద్‌లోనో రైలు మూడు గంటలు ఆలస్యమైతే, అసౌకర్యానికి చింతిస్తున్నామని కంప్యూటర్ మూడు భాషల్లో చింతిస్తుంది. గొంతులో వణుకుండదు, చింతించే అధికారి కంటికి కనపడడు. ఇంగ్లండ్‌లో 2022 జనవరిలో రవాణా శాఖ, రైళ్లలో అనవసరపు ప్రకటనల మోత తగ్గిస్తామని సెలవిచ్చింది. అది కూడా ప్రకటనే!

సందును మాటలతో పూడ్చనక్కర్లేదనీ, డబ్బు పెడితే దారి దొరుకుతుందనీ లండన్‌కి తెలియక కాదు. 1999లో జూబిలీ లైన్‌ను పొడిగించినప్పుడు భూగర్భ స్టేషన్లలో ప్లాట్‌ఫారం అంచునే గాజు తలుపులు పెట్టారు. 2022లో ఇదే బ్యాంక్ స్టేషన్‌లో నార్తర్న్ లైన్ కోసం సుమారు 70 కోట్ల పౌండ్ల ఖర్చుతో కొత్త సొరంగం తవ్వి, కొత్త ప్లాట్‌ఫారం కట్టారు. సెంట్రల్ లైన్ ప్లాట్‌ఫారాలు మాత్రం 1900లో ఎటు వంగాయో ఇప్పటికీ అటే వంగి ఉన్నాయి. చదువులకో ఉద్యోగాలకో వెళ్లి అక్కడ దిగే తెలుగువాళ్లు అడుగు చూసి వేయండి. స్పీకరు చెప్పిందని కాదు, సందు నిజంగానే ఉంది.