నాటింగ్ హిల్ కార్నివాల్‌కి వెళ్ళొచ్చామనిపించుకోవడం ఎలా?

లండన్‌లో కాపురముంటూ ఆగస్టు నెలాఖరులో జరిగే కరీబియన్ల వీధి పండగ, నాటింగ్ హిల్ కార్నివాల్‌కి వెళ్ళకపోతే నలుగురిలో పరువు దక్కదు. వెళ్తే కాళ్ళు దక్కవు. ఆదివారం, సోమవారం కలిపి ఇరవై లక్షల మంది దాకా వస్తారని అంచనా. ఇంతమందిలో పడి కూడా ఏమీ చూడకుండా, పైసా ఖర్చు లేకుండా, తర్వాత ఏడాదంతా దాని గురించి దంచికొట్టే పద్ధతులు కింద ఇస్తున్నాం. పొల్లుపోకుండా పాటించండి.

1. ముందుగా ఏమీ చదవకండి. చదివారా, 1958లో ఆ పేటలోనే నల్లవాళ్ళ మీద గుంపులు దాడికి దిగాయని తెలిసిపోతుంది. ఆ మరుసటి జనవరిలోనే క్లాడియా జోన్స్ అనే ట్రినిడాడ్ ఆవిడ, జనం మళ్ళీ తలెత్తుకు తిరగాలని సెయింట్ పాంక్రస్ టౌన్ హాల్లో కార్నివాల్ పెట్టిందని తెలుస్తుంది. 1966లో రోన్ లాస్లెట్ అనే ఆవిడ పిల్లల కోసం వీధి సంబరం చేస్తే, రస్సెల్ హెండర్సన్ బృందం స్టీల్ డ్రమ్ములు వాయిస్తూ నడక మొదలుపెట్టిందనీ, జనం వెంట నడిచారనీ కూడా తెలుస్తుంది. ఇంత తెలిసినవాడు మాట్లాడే ముందు ఆలోచిస్తాడు. మీకెందుకా ఖర్మ? ఎవరైనా అడిగితే తెలంగాణ వాళ్ళ దగ్గర "ఇది వాళ్ళ బతుకమ్మ" అనండి. ఆంధ్ర వాళ్ళ దగ్గర "వాళ్ళ సంక్రాంతి" అనండి. రెండు చోట్లా తలలూగుతాయి.

2. స్నేహితుల్ని పదిమందిని పోగుచేసి, "లాడ్‌బ్రోక్ గ్రోవ్ స్టేషన్ బయట కలుద్దాం" అని చెప్పండి. కార్నివాల్ రోజుల్లో ఆ స్టేషన్ మూసేస్తారు. ఆ జనంలో ఫోన్లు కూడా సరిగ్గా కలవవు. ఇక పదిమందీ పది వీధుల్లో తిరుగుతారు, ఎవరి బిల్లు వాళ్ళే కట్టుకుంటారు. సాయంత్రం మీరే ముందు అలగండి. "రెండు గంటలు నిలబడ్డానురా మీకోసం!" అనేది మంచి వాక్యం. సోఫాలో పడుకునైనా అనొచ్చు.

3. ఆదివారం పిల్లాపాపలున్నవాళ్ళ రోజు, సోమవారం అసలు జోరు. కాబట్టి చంటిపిల్లనీ, తోపుడు బండినీ, విజయవాడ నుంచి వచ్చిన అత్తగారినీ సోమవారం మధ్యాహ్నమే తీసుకెళ్ళండి. సౌండ్ సిస్టమ్ అని వీధి మలుపుల్లో మనిషికంటే ఎత్తుగా స్పీకర్లు పేర్చి ఉంచుతారు. అత్తగారిని సరిగ్గా దాని ముందు నిలబెట్టండి. ఆవిడ సాధింపులు మీకు వినపడవు, ఆవిడకూ వినపడవు. పావుగంటలో "ఇంటికి పోదాం బాబూ" అని సైగ చేస్తారు. మీకు కావలసింది అదే. ఇంకా ఉందామని మీరెంత బతిమాలినా అత్తయ్యగారు వినలేదని అందరికీ చెప్పుకోవచ్చు. తలనొప్పి ఆవిడది, త్యాగం మీది.

4. తెల్లచొక్కా వేసుకోండి. ఆదివారం పొద్దున్నే జువే పేరుతో రంగులూ, చాక్లెట్టూ పూసుకుంటూ గెంతుతారు. నేరుగా వాళ్ళ మధ్యకే వెళ్ళి, మరక పడగానే గొడవపెట్టుకోండి.

5. తిండి దగ్గర మాత్రం తెలివి వాడండి. జర్క్ చికెన్ పొగ ఎక్కడ లేస్తే అక్కడ పెద్ద క్యూ ఉంటుంది. చివర నిలబడడం అమాయకుల పని. క్యూ మధ్యలో తెలుగు ముఖం ఏదైనా కనిపిస్తుందేమో చూడండి, కనిపిస్తుంది. "అన్నా, మీదే ఊరు?" అని మొదలుపెట్టి, కబుర్లలోనే కౌంటరు దాకా వెళ్ళిపోండి. భీమవరం అంటే మా పిన్నిది భీమవరమే. నల్గొండ అంటే మా పిన్ని ఈమధ్యే నల్గొండ మారింది.

ట్రినిడాడ్ రోటీ అమ్మే ఆవిడ కనబడితే వదలకండి. రోటీ ఎలా చెయ్యాలో ఆవిడకు నేర్పండి. 1845లో ఫతేల్ రజాక్ ఓడ కలకత్తా నుంచి కూలీల్ని ట్రినిడాడ్ చెరకు తోటల పనికి తీసుకెళ్ళిందనీ, ఆ రోటీ వాళ్ళతోపాటే సముద్రం దాటిందనీ ఆవిడకు బహుశా మీకంటే బాగా తెలుసు. ఆవిడ ముత్తాతే ఆ ఓడల్లో ఒకదాంట్లో వచ్చి ఉండవచ్చు. అయినా తగ్గొద్దు. "అది మా రోటీయే కదా, మనం మనం ఒకటి" అని సగం ధరకు బేరమాడండి. ఇవ్వనంటే, అక్కడే డబ్బా తెరిచి పెరుగన్నం, మాగాయ తినండి. ఆవిడ బల్ల మీదే.

6. మరుగుదొడ్ల దగ్గర బారులు చూస్తే ఏడుపొస్తుంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కొందరు డబ్బు తీసుకుని తమ బాత్రూమ్ వాడుకోనిస్తారు. ఆ ఖర్చెందుకు? ముందురోజు రాత్రి నుంచే మంచినీళ్ళు మానెయ్యండి. కళ్ళు తిరిగితే ప్రథమ చికిత్స శిబిరంలో కుర్చీ ఉచితం.

7. ఆ దగ్గర్లోనే గ్రెన్‌ఫెల్ టవర్ 2017 జూన్‌లో తగలబడి 72 మంది చనిపోయారు. వాళ్ళను తలుచుకుని మధ్యాహ్నం మూడింటికి 72 సెకన్లు పాటలన్నీ ఆపేస్తారు. రోజు మొత్తంలో ఫోన్ వినబడేది అప్పుడే. రెండు నిమిషాల ముందే ఇంటికి నంబరు నొక్కడం మొదలుపెట్టండి. "అమ్మా, ఇప్పుడు వినపడుతోందా?" అని గట్టిగానే అడగండి. పక్కవాళ్ళు తిరిగి చూస్తే చూడనివ్వండి, వాళ్ళకు తెలుగు రాదు కదా.

8. ఈకల కిరీటాలతో ఆడే అమ్మాయిల దుస్తుల వెనుక నెలల తరబడి కుట్టుపని ఉంటుంది. ఊరేగింపుకి అడ్డంగా దూకి సెల్ఫీ తీసుకోండి. ఒక ఈక మీ చేతిలోకి ఊడొస్తే అది జ్ఞాపిక.

9. సోమవారం ఎలాగూ బ్యాంక్ హాలిడే. తెలివైనవాడు మంగళవారం జ్వరం తెచ్చుకుంటాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంటుంది కాబట్టి ఫోన్‌లో ప్రత్యేకంగా నటించక్కర్లేదు. మేనేజర్ పాపం "డాక్టరుకు చూపించుకున్నావా?" అని కూడా అడుగుతాడు. తర్వాత తీరిగ్గా పడుకుని ఫొటోలన్నీ ఒక్కటొక్కటిగా ఫేస్‌బుక్‌లో పెట్టండి. ఈక పట్టుకుని గెంతుతున్నది అన్నిటికంటే పైన ఉండాలి. దానికి మేనేజర్‌ను ట్యాగ్ చెయ్యండి. జ్వరంలో కూడా మీరెంత హుషారైన మనిషో ఆయనకు తెలియొద్దూ?