ఐదు టైర్ల బావ

మా పెద్దక్క మొగుణ్ణి మిట్టేమరిలో పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "టైర్లాయన" అంటే బాగేపల్లి పంచరు అంగళ్ల దాకా తెలుసు. పెద్దకొడుకు పుట్టినరోజు ఎప్పుడు బావా అని అడగండి, అక్క వైపు చూస్తాడు. స్టెప్నీ పుట్టినరోజు అడగండి, కళ్లు మూసుకుని చెప్తాడు: "2321. అంటే 2021లో 23వ వారం. జూన్ నెల." టైరు పక్కన అచ్చుపడి ఉండే ఆ నాలుగంకెలు చదవనివాడు ఆయన లెక్కలో చదువురానివాడే. ఇంటికి చుట్టాలొస్తే ముందు వాళ్ల కారు దగ్గర వంగి, వాళ్లింకా కాళ్లు కడుక్కోకముందే "మీ టైర్లకు ఏడేండ్లు నిండినాయి కదప్పా" అని పలకరిస్తాడు. ఆ చుట్టాలు మళ్లీ వచ్చేది బస్సులోనే.

ఆయనకున్నది ఫోర్ బై ఫోర్ థార్. 2020లో కొత్త థార్ వచ్చినప్పుడు కంపెనీ రెండు సైజుల టైర్లతో ఇచ్చింది: ఒకటి 245/75 ఆర్16, రెండోది 255/65 ఆర్18. ఊళ్లో కుర్రాళ్లంతా పద్దెనిమిది అంగుళాల చక్రం చూసి మురిసిపోతుంటే మా బావ పదహారుదే కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నాడు. ఎందుకని మనం అడగనక్కర్లేదు, ఆయనే చెప్తాడు. "245 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. అందులో 75 శాతం పక్కగోడ ఎత్తు, అంటే దగ్గరదగ్గర 184. ఆ పద్దెనిమిదిదానికి 166 కూడా రాదు. గోడ ఎత్తుగా ఉంటే రాయి తగిలినా రిమ్ముకు దెబ్బ పడదు బామ్మర్దీ." ఆయనతో వచ్చిన చిక్కే ఇది. చెప్పేది తప్పైతే తప్పించుకోవచ్చు, అన్నీ నిజాలే చెప్తాడు.

ఆ టైర్లు అరిగాక కొత్తవి కొనే ముహూర్తం సంక్రాంతికి మొదలై ఉగాది దాటింది. టైర్లలో హెచ్‌టీ రకం తారురోడ్డుకు, ఎంటీ బురదకు, ఏటీ రెండింటికీ నడుమ. ఈ నడిమి రకాన్ని రేడియల్ టైరుగా 1976లో అమెరికాలో బీఎఫ్ గుడ్‌రిచ్ వాళ్లు తెచ్చారన్న సంగతి మా అక్కకు కూడా కంఠతా వచ్చేసింది. చింతామణి టమాటా మార్కెట్టులో వేలంపాట నడుస్తుంటే ఈయన పక్కన నిలబడ్డ లారీ టైర్ల గాడి లోతు కొలిచేవాడు. చివరికి ఎంచుకున్న ఏటీ టైరు మీద మూడు శిఖరాల కొండ, దాంట్లో మంచు రవ్వ గుర్తు ఉంది. మంచులో కూడా పట్టు ఇస్తుందని ఆ గుర్తుకు అర్థమట. "మన బాగేపల్లి తాలూకాలో మంచు యాడ పడుతుంది బావా?" అంటే, "పడినప్పుడు చూసుకుందువులే" అన్నాడు. బయట ఏప్రిల్ నెల ఎండ.

ఇంత చేసి ఆ టైర్లు తొక్కే నేల ఏది? బాగేపల్లికి తారు, చింతామణికి తారు, బెంగళూరు వైపు తిరిగితే నాలుగు వరసల నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి. ఆ నున్నటి రోడ్డు మీద గుబ్బల టైర్లు గుయ్యిమని రొద పెడుతుంటే మేం లోపల అరుచుకుని మాట్లాడుకోవాలి. మరి ఆయనకు చేను లేదా అంటే ఉంది. బండరాళ్లు, వంక, జాలిముళ్లు, కంపెనీవాళ్లు పటంలో చూపించేవన్నీ ఉన్న చేను. అక్కడికి మాత్రం పాత టీవీఎస్ ఎక్సెల్ మీద పోతాడు. "ముల్లు గోడలో దిగితే టైరు చెత్తకే బామ్మర్దీ. నేలకు తగిలేచోట పంచరైతే ప్లగ్గు వేయొచ్చు, పక్కగోడకు వేయకూడదు." ఇదీ నిజమే. ఎక్సెల్ టైరు పుట్టినతేదీ మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు.

సాయంత్రమైతే ముక్కాలిపీట వేసుకుని, స్క్రూడ్రైవరుతో గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్లు ఒక్కొక్కటే పెరుకుతాడు. ఎండ తగిలి రబ్బరు బీటలిస్తుందని గోనెపట్టాలు కప్పుతాడు. పది వేల కిలోమీటర్లకోసారి టైర్ల చోట్లు మారుస్తాడు, స్టెప్నీని కూడా వంతులో కలుపుతాడు. ఏ టైరు ఎప్పుడు ఏ మూల ఉందో పాల లెక్క పుస్తకంలోనే రాసిపెడతాడు. ఆయుధపూజనాడు అందరూ నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెడితే ఈయన ఐదోది తెస్తాడు. వెనకాల తలుపుకు వేలాడే స్టెప్నీ కింద నిమ్మకాయ ఎట్లా తొక్కించాలో పూజారికీ తెలియదు. దారంతో కట్టి దండం పెట్టాడు.

ఇక గాలి. గాలి చల్లటి టైరులోనే చూడాలి, బండి ఆగి మూడు గంటలైనా కావాలి, వేడి మీద చూస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది. ఇది శాస్త్రం. కైవారంలో మా పిన్ని కూతురి పెళ్లికి బయలుదేరినరోజు తెల్లవారుజామునే పూలకోసం బాగేపల్లి పోయొచ్చాడు. అంతే, టైర్లు వేడెక్కాయి. పట్టుచీరల్లో ఆడవాళ్లు, చేతిలో అక్షింతలు, అరుగు మీద అందరం కూర్చుని టైర్లు చల్లారేదాకా ఎదురుచూశాం. మేం చేరేసరికి తాళి కట్టేశారు, రెండో బంతి వడ్డిస్తున్నారు. "దారిలో పంచరు కాలేదు చూడండి" అన్నాడు మా బావ, ఓళిగ మీద నెయ్యి పోయించుకుంటూ. మా పిన్ని ఇప్పటికీ ఆయనతో మాట్లాడదు.

ఆ టైర్ల విలువ తెలుసుకున్నది ఒక్క ముసలమ్మే. రాగి కోతలప్పుడు మా వైపు కంకులు తెచ్చి రోడ్డు మీద పరుస్తారు, పోయే బండ్లే కళ్లం తొక్కిపెడతాయి. బావ పక్కన కూర్చుని పోతుంటే ఆమె కట్టె పట్టుకుని అడ్డం వచ్చింది. "నాయనా, ఇంకో తూరి తిప్పు. నీ టైరుకు గింజ శానా రాల్తాది." బావ దిగి, బండి కిందికి తొంగిచూసి, ఇరుసుకు చుట్టుకున్న గడ్డి లాగేశాడు. వేడికి ఎండుగడ్డి అంటుకుని బండ్లు కాలిపోతాయని, రోడ్డు మీద కళ్లం వద్దని పాఠం చెప్పాడు. ఆమె అంతా విని, "సరే, తిప్పు" అంది. ముందుకీ వెనక్కీ తిప్పాడు. రాళ్లకూ బురదకూ మంచుకూ పుట్టిన టైర్లు చివరికి రాగులు నూర్చాయి.

ఎగతాళి ఇంతటితో ఆపాలి. ఓసారి పిల్లల బడి బస్సు ఊళ్లో ఆగినప్పుడు మా బావ అలవాటుగా వంగాడు. గాడి అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న దిమ్మలుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే దాని పని అయిపోయినట్టే. వెనక టైరు వాటినీ దాటి నున్నగా ఉంది. బస్సు ముందు నిలబడ్డాడు. డ్రైవరు బతిమాలాడు, కసిరాడు, హారను కొట్టాడు. పిల్లలను దింపి, తన థార్‌లో తడవకు కొందరిని తానే బడికి చేర్చాడు. ఆ వారంలోనే బస్సుకు కొత్త టైర్లు పడ్డాయి. ఆరోజు మాత్రం గాలి చూడకుండానే బండి తీశాడని మా అక్క చెప్తుంది.

కాబట్టి నా తీర్పు ఇది. ఇలాంటి బావ మీకూ ఒకడు ఉండే ఉంటాడు. టైర్లు కొనేరోజు ఆయన్ను తప్పకుండా వెంట తీసుకుపొండి, చెప్పినవే కొనండి. పెళ్లికి పోయేరోజు మాత్రం బస్సెక్కండి.