తూముసూత్రము: టీకా తాత్పర్య సహితము

మూలము: తూము త్రవ్వితిమి, నీరు పోయెను, టీ త్రాగితిమి.

అవతారిక: ఇంగ్లండులో చెల్టెనమ్ గుర్రప్పందేల మైదానము మొదలు బ్రాడ్‌వే గ్రామము దాక పద్నాలుగు మైళ్ల పాత రైలుదారి గలదు. 1904–1906 నడుమ పుట్టినది. 1976లో వించ్‌కూంబ్ కడ ఒక గూడ్సు పట్టాలు తప్పగా సర్కారువారు దారిని మూసి, పిమ్మట పట్టాలు సైతము పీకించిరి. ఔత్సాహికులు కూడి 1984లో టాడింగ్టన్ వద్ద మరల బండి కదిలించి, 2018కి బ్రాడ్‌వే చేరిరి. వారిలో ఇంజను తుడుచువారు గలరు, టిక్కెట్లు కోయువారు గలరు, వానలో బురదకు దిగి కల్వర్టుల పూడిక తీయువారును గలరు. పై సూత్రము ఈ కడపటివారిది. నిజము చెప్పవలెనన్న నేనే కట్టితిని. వ్యాఖ్య సిద్ధమైన పిదప మూలము పుట్టుట మన వాఙ్మయమున వింత గాదు.

ఈ టీకకు హేతువు: ఆ మధ్య ఒక సభలో వారసత్వ రైళ్లను గూర్చి గంటన్నర ఉపన్యాసము వింటిని. పొగ వచ్చెను, కూత వచ్చెను, వక్తగారి బాల్యము రెండు మారులు వచ్చెను. నీటి ప్రస్తావన ఒక్కసారియు రాలేదు. తాగడానికి కూడా రాలేదు.

తూము: నీరు పోవు దారి యని చెప్పి ఊరకుండుట అల్పుల లక్షణము. ఈ శబ్దమునకు రెండర్థములు. చెరువుకట్ట క్రింద నీరు విడుచునది యొకటి, ధాన్యము కొలుచునది మరియొకటి. నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. బ్రౌను దొర తన 1852 నాటి నిఘంటువులో రెంటికిని చోటిచ్చెను. ఏది ముందు, ఏది వెనుక? తూము తెరచిననే గదా తూములు పండుట! కావున కారణము పేరు కార్యమునకు వచ్చినదని నా మతము. నిఘంటుకారుల మతమేమో నేనడుగలేదు. మా తాతగారింట ఇత్తడి కుంచ మొకటి ఉండెడిది. తూము మాత్రము లేదు, నాలుగు మార్లు కుంచము ముంచి తూమనిపించెడివారు. పొరుగువారికి కొలిచినపుడు ఆ నాలుగు కాస్తా మూడున్నరయ్యెడిదని నాయనమ్మ సాక్ష్యము. నీరు పోవు తూమునే కృష్ణా తీరమున ఖానా యందురు, తెలంగాణమున మోరీ యన్నచో వీధి మురుగు స్ఫురించును, ఇంజనీరుగారు కల్వర్టనిగాని పలుకరు.

రైలు ఏమైనదని పాఠకులు గొణుగుచున్నారు. మూలములో లేనిది వ్రాయనని కొలిచెలమ మల్లినాథసూరి నియమము. ఆయనకు కాళిదాసు దొరికెను, నాకు బురద దొరికెను.

త్రవ్వితిమి: కర్త ఏడీ? 'మి' అను ప్రత్యయమందు నక్కియున్నాడు. వీరు వలంటీర్లు. ఆంధ్రదేశమున ఈ మాటకు నిన్నమొన్నటిదాక పింఛను ఇంటికి తెచ్చువారని అర్థము. అది యిచట గ్రాహ్యము గాదు. వీరికి జీతము లేదు, వీరు తెచ్చునది బురద బూట్లు మాత్రమే. సూత్రమున క్రియ గలదు, కర్త పేరు లేదు. ఇక శిలాఫలకము చూడుడు: కర్తలు పదునలుగురు, క్రియ ఒక్కటే, అదియు కత్తెరది.

మా వీధి మురుగుకాలువకూ ఒక ఫలకం ఉంది. దానికి సిమెంటు దిమ్మె కట్టారు. ఎక్కడ? కాలువలోనే. వాన పడితే నీళ్లు దిమ్మెకు తగిలి, వెనక్కి తిరిగి, మా గుమ్మం ఎక్కుతాయి. రెండుసార్లు అర్జీ పెట్టాను. ఫలకం తీస్తే పెద్దలను అవమానించినట్టవుతుందన్నారు. ప్రకృతమనుసరింతము.

నీరు పోయెను: పోకున్న నేమగును? కట్టలోని మన్ను కణమును కణము ఒరసికొని నిలుచును. లోనికింకిన నీటికి వెలికి దారి లేనిచో ఆ ఒత్తిడియే కణములను ఎడము చేయును. కట్ట తన బరువును తానే మోయలేక జారును. పట్టాల క్రింది కంకరలో బంకమన్ను చేరెనా, బండి పోయినపుడెల్ల స్లీపరు అణగి లేచుచు బురదను పైకి చిమ్మును. ఈ దారిలోనే 2010లో గోథరింగ్టన్ కడ కట్ట జారెను. 2011లో వించ్‌కూంబ్ చెంత చికెన్ కర్వ్, అనగా కుక్కుటవక్రము, జారెను. ఇట్టి నామము ఏ కావ్యమునను లేదు. దీనికొక ప్రత్యేక వ్యాఖ్య వ్రాయు తలంపు గలదు.

నీళ్లకు దారి లేకపోతే ఏమవుతుందో మనకు ఇంగ్లండు చెప్పనక్కర్లేదు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర చెరువు తెగి, ఆ వరద రైలుకట్టను కోసేసింది. తెల్లవారుజామున డెల్టా ప్యాసింజరు వచ్చి అందులో పడింది. నూరుమందికి పైగా పోయారు. ఇక్కడ అలంకారమేమిటని అడిగేవారు ఈ టీక చదవనక్కర్లేదు.

పూర్వపక్షము: త్రవ్విన ఫలమేది? కంటికి కనబడదే! సమాధానము: కట్ట జారలేదు, బండి ఆగలేదు. ఈ కనబడకుండుటయే ప్రమాణము. దీనిని అనుపలబ్ధి యందురు. మీమాంసకులలో కుమారిలభట్టు మతమువారు దీనిని ఆరవ ప్రమాణముగా ఒప్పిరి, ప్రాభాకరులు ఒల్లలేదు. చందాలిచ్చు పెద్దలందరును ప్రాభాకరులే. ఈ దారిలోని, 1905లో పుట్టిన 2807 నంబరు ఇంజను డెబ్బై టన్నుల పైచిలుకు. దాని బాయిలరు కొరకన్న సొమ్ము పుట్టును, పేరు చెక్కించుకొనుటకు ఇత్తడియు గలదు. దాని చక్రాల క్రింది గొట్టమునకు పేరెచట చెక్కుదురు? అభావము నాలుగు విధములు. త్రవ్వకముందు తూమునకు ప్రాగభావము, త్రవ్విన పిదప పూడికకు ప్రధ్వంసాభావము, తూమునకును వేదికకును అన్యోన్యాభావము, పూడికతీతకు వచ్చు చందాకు అత్యంతాభావము.

టీ త్రాగితిమి: స్పష్టము. పంచదార విషయమై పాఠభేదములు గలవు.