పెరటి చెట్టు మాయిశ్చరైజర్‌కు పనికిరాదు

షియా వెన్న భక్తుల నోట నాలుగు ముక్కలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి: చవక, సహజం, కెమికల్స్ లేవు, ఆఫ్రికాలో తరతరాలుగా వాడుతున్నారు. చలి ముదిరి మడమలు పగిలే వేళకు ఈ మంత్రం హైదరాబాద్‌లో బయలుదేరి, జగదల్‌పూర్ మీదుగా, శబరి ఒడ్డున తెలుగు మాట్లాడే కోంటా దాకా వచ్చేస్తుంది. మంత్రం వెనకే డబ్బా వస్తుంది. ఘనాలోనో బుర్కినా ఫాసోలోనో ఓడెక్కి, ఏదో రేవులో దిగి, ఎవరి గోడౌన్లోనో కొన్నాళ్లు సేదదీరి, చేతిరాత లాంటి అక్షరాల అట్ట చుట్టుకుని, కొరియర్ బండి మీద బస్తర్ చేరుతుంది. దాన్ని ఇంటావిడ ఇప్పచెట్టు నీడన నిలబడి సంతకం పెట్టి మరీ అందుకుంటుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా!

తమాషా ఏమిటంటే, ఆ డబ్బాలో ఉన్నదీ ఈ నీడ ఇచ్చినదీ దాయాదులు. షియా, ఇప్ప రెండూ సపోటా కుటుంబంలోనివే. రెండింటి పండూ తినొచ్చు, రెండింటి గింజలోనూ కొవ్వు దండిగా ఉంటుంది. రెండుచోట్లా రాలినవి ఏరేది ఆడవాళ్లే, బేరమాడి కొనేది మాత్రం ఎక్కువగా మగవాళ్లే. తేడా అల్లా జాతకంలో ఉంది. స్కాట్లాండ్ యాత్రికుడు ముంగో పార్క్ 1796లో నైజర్ నది ప్రాంతంలో షియా చెట్టును చూసి తన పుస్తకంలోకి ఎక్కించాడు. శాస్త్రజ్ఞులు ఆ చెట్టు పేరు వెనక ఆయన పేరు తగిలించారు. ఇప్పచెట్టుకు అంత అదృష్టం పట్టలేదు. మన అడవుల్లోకి వచ్చిన దొరలు పువ్వునే చూశారు, పువ్వులో సారానే చూశారు, సారాలో ఎక్సైజ్ పన్నునే చూశారు. ఆ తర్వాత మనవాళ్లే దొరలయ్యారు గానీ, చూపు మాత్రం మారలేదు.

పువ్వు మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలుతుంది. కాయ పండేది ఆ తర్వాత, ఎండ ముదిరి వాన దిగే మధ్యకాలంలో. లోపలి గింజను బస్తర్‌లో టోర అంటారు. పెంకు పగలగొట్టి, పప్పు ఎండబెట్టి, దంచి, ఆవిరి మీద ఉడికించి, అల్లిక సంచిలో కూరి, రెండు బరువైన దుంగల మధ్య పెట్టి నొక్కుతారు. చిక్కటి పసుపుపచ్చ నూనె కారుతుంది. చలికాలం పొద్దున్నే చూస్తే సీసాలో నెయ్యిలా పేరుకుని ఉంటుంది. తాలింపుకు అదే, దీపానికి అదే, కీళ్ల నొప్పులకు అదే, పగిలిన కాళ్లకూ అదే. మిగిలిన చెక్క కూడా వృథా పోదు, మడుగులో చేపలు పట్టడానికి పనికొస్తుంది. ఇన్ని పనులు చేసే సరుకుకు ఉన్న లోపమల్లా ఒకటే: దానికి ఇన్‌ఫ్లుయెన్సర్ లేడు.

ఇక ముందువైపు పెద్ద అక్షరాలతో ‘షియా’ అని మెరిసే లోషన్ సీసా దేన్నయినా వెనక్కి తిప్పి చూడండి. మన కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించిన దినుసులను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. చాలా సీసాల మీద కథ ఇలా నడుస్తుంది: మొదట నీళ్లు. తర్వాత గ్లిజరిన్. తర్వాత లిక్విడ్ పారఫిన్, అంటే సాక్షాత్తూ పెట్రోలియం బిడ్డ. ఆపైన నోరు తిరగని పేర్లు ఓ అరడజను. అప్పుడు సువాసన. సువాసనా దాటాక, సీసా అడుగుకు దగ్గర్లో, బ్యుటిరోస్పెర్మమ్ పార్కీ. అదే మన షియా. ముందువైపు రాజ్యమేలే మహారాణికి వెనకవైపు సెంటు కన్నా కింద పీట వేశారన్నమాట. కొన్నావిడ మాత్రం ఒళ్లంతా ఆఫ్రికా పూసుకున్నానని మురిసిపోతుంది.

లోషన్ ఎందుకు, కల్తీలేని ముద్దే కొంటాం అంటారా? అయితే ‘చవక’ లెక్క చూద్దాం. కేంద్రం 2020 మేలో సవరించిన కనీస మద్దతు ధరల్లో ఇప్పగింజ కిలో 29 రూపాయలు. పప్పులో మూడోవంతు, అంతకన్నా ఎక్కువే నూనె ఉంటుంది. దుంగల కింద కొంత పోయినా నాలుగు కిలోలకు కిలో నూనె అనుకుంటే, అందులో గింజ ఖరీదు 116 రూపాయలు. అంటే వంద గ్రాములకు పన్నెండు రూపాయలైనా లేదు. అదే వంద గ్రాముల షియాకు మనం వందల్లో సమర్పించుకుంటాం. పైగా దాన్ని ‘బడ్జెట్ చిట్కా’ అంటాం.

నిజానికి షియా చవకదే. ఎక్కడ? ఉత్తర ఘనాలో, టమాలే సంతలో. అక్కడి ఆవిడకు అది ఇంటి చుట్టుపక్కల రాలిన గింజ. ఆమె చెప్పిన మాట ఆమె ఊళ్లో అక్షర సత్యం. ఆ మాటను కాపీ కొట్టి సముద్రం దాటించాం గానీ, ధరను దాటించలేకపోయాం. ‘సహజం’ అన్నదీ అంతే. సహజంగా దొరకనిదాన్ని వేల కిలోమీటర్లు తెప్పించుకుని సహజమని పిలవడానికి గట్టి ధైర్యం కావాలి.

ఇప్పుడు స్వదేశీ వీరులు చప్పట్లు కొట్టబోతున్నారు. కాస్త ఆగండి. ఇప్పనూనె అమృతమేమీ కాదు. షియాలో స్టియరిక్ ఆమ్లం పాలు ఎక్కువ కాబట్టి అది గట్టిగా నిలుస్తుంది, ఇప్పనూనె ఎండాకాలంలో కారిపోతుంది. గింజ సరిగా ఎండకపోతే కంపు కొడుతుంది. అసలు ఏ వెన్నా చర్మానికి తేమ పోయదు, ఉన్న తేమ ఆరిపోకుండా మూత వేస్తుందంతే. అందుకే స్నానం చేసి తడి పూర్తిగా ఆరకముందే రాసుకోవాలి. మూత వేసే పనిలో వీటన్నిటికన్నా మొనగాడు చవకబారు వాజలైన్. అది భూమిలోంచి తీసిన ముడిచమురు సరుకు. భూమి కన్నా సహజమైనది ఇంకేముందని అడిగితే సహజవాదుల దగ్గర జవాబుండదు.

నా తగువు షియాతో కాదు, మన బేరంతో. ఒకప్పుడు బస్తర్ సంతల్లో వ్యాపారులు ఉప్పు కొలిచి ఇచ్చి సారపప్పు పట్టుకుపోయేవారన్నది అందరికీ తెలిసిన కథే. ఇప్పుడు ఉప్పు స్థానంలో నూనె ప్యాకెట్ వచ్చింది. టోర అమ్ముకుని, ఆ డబ్బుతో అదే సంతలో రిఫైండ్ నూనె కొనుక్కుని వెళ్లడం. నూనె గింజ పోయి నూనె వచ్చింది, మధ్యలో ఉన్న లాభం మాత్రం ఊరు దాటింది.

దీనికి మందు కనిపెట్టారు కూడా. 2018 ఏప్రిల్ 14న ప్రధాని బస్తర్‌లోని బీజాపూర్ వచ్చి దేశంలో మొట్టమొదటి వన్‌ధన్ కేంద్రాన్ని ప్రారంభించారు. ఏరినదాన్ని ఏరినట్టే అమ్మకుండా శుభ్రం చేసి, ఆడించి, డబ్బాలో పెట్టి అమ్మాలన్నది ఉద్దేశం. ఉద్దేశానికి వంక పెట్టలేం. టోరలో చాలా భాగం మాత్రం ఇప్పటికీ గింజగానే సంత దాటుతోంది.

అటు షియా సొంతదారులకూ ఇదే గోస. 2025 ఆగస్టులో నైజీరియా ముడి షియా గింజల ఎగుమతిని ఆరు నెలలు ఆపేసింది. ప్రపంచపు షియాలో దాదాపు 40 శాతం తమ దగ్గరే పండుతున్నా, ఆ వ్యాపారంలో తమకు దక్కేది 1 శాతమేనని అక్కడి ఉపాధ్యక్షుడే చెప్పుకొచ్చారు. ‘ఆఫ్రికా ఆడవాళ్ల బంగారం’ అని మనం డబ్బా మీద చదివి కరిగిపోయే సరుకు సంగతి ఇదీ. వాళ్లకు గింజ, మధ్యవాడికి బంగారం, మనకు మెరుపు.

కాబట్టి రేపో మాపో ఎవడో తెలివైనవాడు ఇప్పకు హిందీ పేరు తగిలించి ‘బస్తర్ మహువా బటర్’ అని దిగుతాడని నాకు గట్టి నమ్మకం. డబ్బా మీద నవ్వుతున్న గోండు ఆవిడ ఫొటో, లోపల అదే సరుకు, ధర షియాతో సమానం. అప్పుడు హైదరాబాద్ కొంటుంది, జగదల్‌పూర్ హైదరాబాద్‌ను చూసి కొంటుంది, కోంటా జగదల్‌పూర్‌ను చూసి కొంటుంది. గింజ ఏరినావిడకు అప్పుడూ కిలో లెక్కే.

ఆ రోజు కోసం నాదొక చిన్న డిమాండ్. డబ్బా మీద ‘చవక’ అని రాసేవాళ్లు ఎవరికి చవకో కూడా రాయాలి. ఏరినావిడ ఫొటో వేసేవాళ్లు, ఆ డబ్బా ధరలో ఆమెకు ముట్టింది ఎన్ని రూపాయలో ఫొటో కిందే అచ్చు వేయాలి. అంకె వేయడానికి సిగ్గనిపిస్తే ఫొటో తీసేయాలి.