నాకు తెలియని తేదీని అమ్మాను

2018 జనవరిలో నేను నా చేతిలో లేని యంత్రాలను అయినవాళ్ళకు అమ్మాను. అవి ఎప్పుడొస్తాయో నాకు తెలియదు. తెలిసినట్టే చెప్పాను. డబ్బు పోయిన సంగతి చాలామందితో చెప్పుకున్నాను గానీ ఈ మాట మాత్రం అక్కాబావలకు తప్ప ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్ళూ కడుపులోనే దాచుకొచ్చాను. నా తెలివితక్కువతనంలో డబ్బు పోగొట్టుకోవడం చిన్న భాగం. పెద్ద భాగం ఇదే.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి కాస్త అవతల నాకో కంప్యూటర్ల షాపు ఉంది. కొత్తవి అమ్ముతాను, పాతవి బాగుచేస్తాను, ఉద్యోగాల నోటిఫికేషన్లు పడినప్పుడు పిల్లలకి దరఖాస్తులు నింపిపెడతాను. 2017 చివర్లో బిట్‌కాయిన్ ధర రోజూ పేపర్లో వచ్చేది. డిసెంబరు మధ్యకల్లా ఇరవై వేల డాలర్ల అంచుకు చేరింది. నాణెం కొనుక్కున్నవాడు ధర పెరిగితేనే బాగుపడతాడు, కొత్త నాణేలు పుట్టించే మైనింగ్ యంత్రం పెట్టుకున్నవాడికి మాత్రం రోజూ ఎంతో కొంత వస్తూనే ఉంటుంది అని నా వాదన. ఏళ్ళ తరబడి మదర్‌బోర్డులతో కుస్తీ పడుతున్నవాణ్ణి, యంత్రం విషయంలో నన్నెవరూ బోల్తా కొట్టించలేరని నమ్మాను.

అప్పట్లో అందరి నోటా ఉన్నది యాంట్‌మైనర్ ఎస్9. సెకనుకు పదమూడున్నర లక్షల కోట్ల లెక్కలు వేసే చైనా యంత్రం. విశాఖలో ఒక మధ్యవర్తి తెప్పించి ఇస్తానన్నాడు. ఒక్కోదానికి రెండు లక్షల పైమాటే. మొత్తం ముందే కట్టాలి, జనవరి నెలాఖరుకి సరుకు చేతికొస్తుంది. తేదీకి హామీ లేదనీ, కట్టిన సొమ్ము వెనక్కి ఇవ్వబడదనీ రసీదు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. చదివాను. చదివే సంతకం పెట్టాను.

రెండు యంత్రాలకు కట్టాను. పది రోజులు కూడా తిరగకముందే విజయనగరంలో తెలిసిన లెక్చరర్ ఒకాయన, గంటస్తంభం దగ్గర టీ తాగుతూ, రసీదు ఒకటి తనకిచ్చేయమన్నాడు. కొత్తగా ఆర్డరు పెడితే మార్చి అంటున్నారట, నాది జనవరి కాబట్టి నలభై వేలు ఎక్కువిస్తానన్నాడు. ఇచ్చేశాను. యంత్రం ఇంకా చైనా దాటలేదు, దాని మొహం నేను చూడలేదు, నా జేబులో నలభై వేలు లాభం. ఆ సాయంత్రం ఆమదాలవలసలో రైలు దిగేసరికే నాకు వ్యాపారం దొరికిందనిపించింది. నన్ను చెడగొట్టింది ఆ నలభై వేలే. నష్టం వచ్చి ఉంటే అక్కడితో ఆగేవాణ్ణి.

తర్వాత యంత్రాలు తెప్పించి ఇస్తానని అడ్వాన్సులు తీసుకోవడం మొదలుపెట్టాను. ఇద్దరు స్నేహితుల దగ్గర తీసుకున్నాను. మా బావ దగ్గరా తీసుకున్నాను. బావది ఉద్దానం, వజ్రపుకొత్తూరు మండలం. కొబ్బరి చెట్లు, కాస్త జీడితోట. ఇంటిమీద శ్లాబు వేద్దామని అక్కా బావా కూడబెట్టుకున్న డబ్బది. ఒక్కో యంత్రం మీద నాకు పాతిక వేలు మిగిలేలా ధర చెప్పాను. బావకీ అదే ధర. “వైజాగ్‌లో వాళ్ళు చెప్పిన రేటే ఇది బావా, నాకేమీ మిగలదు” అన్నాను. ఆయన నోట్లు లెక్కపెట్టి ఇస్తుంటే కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఒక్క చిన్నాన్న మాత్రం అడగాల్సింది అడిగాడు. ఆయన గరివిడి ఫెర్రో అల్లాయ్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. చదువు తక్కువ, కొలిమి ముందు గడిపిన కాలం ఎక్కువ. “యంత్రం రేటు తర్వాత సెప్పుదువు గాని, యూనిట్టు ఎంత పడతాదో సెప్పరా” అన్నాడు. రోజుకి ముప్పై రెండు యూనిట్లు కాలుతుందన్నాను. “ఇంటికి నెలకి కాలేది ఎంత? కరెంటు మీద బతికే పని ఏదైనా రేటు మారితే ఆగిపోద్ది. మా కాడ కొలుములు అలగే ఆర్పీసీవోరు” అన్నాడు. మాంగనీసు కరిగించే కొలిమికీ కంప్యూటరుకీ పోలికేమిటని నేను లోపల విసుక్కున్నాను. విజయనగరం జిల్లాలో కరెంటు ధర తట్టుకోలేక ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలు మూతపడటం పేపర్లో ఎన్నిసార్లు చదివానో. చదివినది నా బుర్రకెక్కలేదు.

మైనింగ్ సంగతి ఇక్కడ కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఆలస్యం అనేది ఈ వ్యాపారంలో మామూలు ఆలస్యం కాదు. ప్రపంచంలో ఉన్న యంత్రాలన్నీ ఒకే లెక్క కోసం పోటీ పడతాయి. సుమారు పది నిమిషాలకోసారి ఆ లెక్క ఎవరికో ఒకరికి తగులుతుంది, దాంతో ఒక బ్లాకు పూర్తవుతుంది. తగిలినవాళ్ళకు అప్పట్లో 12.5 బిట్‌కాయిన్లు వచ్చేవి. కొత్త యంత్రాలు చేరేకొద్దీ పది నిమిషాలు తొమ్మిదో ఎనిమిదో కాకుండా, ప్రతి 2016 బ్లాకులకు, అంటే రెండు వారాలకోసారి, లెక్క తనంతట తానే కఠినమవుతుంది. రోజుకి పుట్టే నాణేలు పెరగవు. పంచుకునే యంత్రాలు పెరుగుతాయి. కాబట్టి ఏ యంత్రమైనా ఫ్యాక్టరీ గుమ్మం దాటిన రోజునే ఎక్కువ సంపాదిస్తుంది, ఆ తర్వాత ప్రతి పక్షానికీ దాని వాటా తగ్గుతూ పోతుంది. మృగశిర కార్తెకి రావలసిన విత్తనం దీపావళికి ఇంటికొస్తే గింజ మంచిదే అయినా రైతుకి దక్కేదేమీ ఉండదు. శ్రీకాకుళంలో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. నేను మాత్రం యంత్రం వస్తే చాలు, ఎప్పుడొచ్చినా ఒకటే అనుకున్నాను.

జనవరి వెళ్ళిపోయింది. ఫిబ్రవరిలో చైనా వాళ్ళ కొత్త సంవత్సరం, ఫ్యాక్టరీలు మూసేశారన్నాడు మధ్యవర్తి. మార్చిలో విమానంలో చోటు దొరకలేదన్నాడు. ఏప్రిల్లో కస్టమ్స్ దగ్గర ఆగిందన్నాడు. వీటిలో ఏది నిజమో కనుక్కునే దారి నాకు లేదు. అయినా ప్రతి మాటనూ నా మాటగా చేసి బావకి చెప్పాను. “బావా, సరుకు బయల్దేరింది, వచ్చే నెల గ్యారంటీ.” ఆ గ్యారంటీ ఎవరిచ్చారు? నేనే ఇచ్చుకున్నాను.

ఈలోపు లోకం ఆగలేదు. ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో అరుణ్ జైట్లీ క్రిప్టో కరెన్సీని చట్టబద్ధమైన చెల్లింపుగా ప్రభుత్వం గుర్తించదని చెప్పారు. వారం తిరక్కుండానే ధర ఆరు వేల డాలర్ల దరిదాపుకు పడింది. ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు సర్క్యులర్ వచ్చింది. క్రిప్టో లావాదేవీలు చేసేవాళ్ళకు సేవలు ఆపేయాలని బ్యాంకులకు మూడు నెలలు గడువిచ్చింది. అంటే నాణెం పుట్టినా దాన్ని రూపాయిగా మార్చి ఖాతాలో వేసుకునే దారి మూసుకుపోతోంది. సుప్రీం కోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది 2020 మార్చి 4న. అప్పటికి నా షాపులో యంత్రమే లేదు.

సరుకు జూన్‌లో వచ్చింది. అడుగుకు కాస్త ఎక్కువ పొడవు, నాలుగు కిలోల బరువు, ముందొక ఫ్యాను వెనకొక ఫ్యాను. విప్పి చూస్తే మూడు బోర్డులు, బోర్డుకి 63 చిప్పులు, వాటిమీద అల్యూమినియం ముక్కలు వరసగా. పనితనం చూసి నిజంగా ముచ్చటపడ్డాను. కరెంటిచ్చిన మరుక్షణం పక్క షాపు టైలరు బయటికొచ్చి చూశాడు. ఆ ఫ్యాన్ల హోరులో కస్టమరుతో మాట్లాడాలంటే రోడ్డు మీదికి వెళ్ళాల్సి వచ్చేది. స్నేహితులు వాళ్ళవి ఇళ్ళకి పట్టుకెళ్ళారు. ఉద్దానంలో వోల్టేజి నిలవదని బావది నా షాపులోనే పెట్టాను. వెనక గదిలో వేడికి ప్లాస్టిక్ కుర్చీ ముట్టుకుంటే చురుక్కుమనేది. సాయంత్రం షట్టరు దించి వెళ్ళాలంటే భయం, ఎత్తి ఉంచి వెళ్ళాలన్నా భయం. లైన్‌మన్ వచ్చి మీటరు చూసి, మంజూరైన లోడు దాటిపోయింది, మార్పించుకో అని చెప్పి వెళ్ళాడు.

అక్టోబరు మొదట్లో ఒకరాత్రి తెల్లకాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఆ పని నేను డిసెంబరులోనే చేసి ఉండాల్సింది. ఆర్డరు పెట్టిన నాటి లెక్కన ఒక్కో ఎస్9కి రోజుకు పదిహేను వందల పైనే రావాలి. కానీ డిసెంబరుకీ అక్టోబరుకీ మధ్య లెక్క కాఠిన్యం దాదాపు నాలుగింతలైంది, ధర ఆరున్నర వేల డాలర్ల దగ్గర నిలబడింది. ఇప్పుడు వచ్చేది రోజుకి రెండు వందల ఇరవై. యూనిట్ తొమ్మిది రూపాయలు వేసుకున్నా కరెంటుకి పోయేది రెండు వందల తొంభై. యంత్రం తిరిగినన్ని గంటలూ నష్టమే. చిన్నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు ఆ కాగితం మీద ఉంది. ఆ రాత్రి కూడా బావకి ఫోన్ చెయ్యలేదు. ధర పెరిగాక చెబుదామనుకున్నాను.

అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఫోన్లు పోయాయి. దారి దొరికిన రోజున బియ్యం, నీళ్ళ డబ్బాలు, కొవ్వొత్తులు వేసుకుని బండి మీద బావ వాళ్ళ ఊరికి వెళ్ళాను. హైవే దిగి లోపలికి పోతుంటే కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా లేచి, తలలన్నీ ఒకే దిక్కుకి పెట్టి పడి ఉన్నాయి. జీడిచెట్లు చీలిపోయి లోపలి చెక్క తెల్లగా బయటపడింది. కరెంటు స్తంభాలు పొలాల్లో విరిగి పడున్నాయి. ఇంటి పెంకులు సగం ఎగిరిపోయి, మిగతా సగం మీద టార్పాలిన్ కట్టారు. శ్లాబు పడి ఉంటే ఆ ఇంటికి ఆ గతి పట్టేది కాదు.

డబ్బు సంగతి బావ ఎత్తలేదు. అక్కే అంది: “తమ్ముడూ, ఆ డబ్బులేవో ఇప్పుడుంటే అక్కరకొచ్చేవిరా.” కొబ్బరి మొక్క మళ్ళీ నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్ళు పడుతుంది. ఆ మాట వాళ్ళు నాకు చెప్పక్కర్లేదు, నేను వాళ్ళకి చెప్పక్కర్లేదు. అప్పుడు చెప్పాను అన్నీ. పాతిక వేలు మిగుల్చుకున్న సంగతి, యంత్రం నష్టానికి తిరుగుతున్న సంగతి, వచ్చే నెల వచ్చే నెల అని చెప్పిన ప్రతిసారీ నాకేమీ తెలియదన్న సంగతి.

బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “లాబం తీసుకున్నావని కాదురా. వ్యాపారం అన్నాక తీసుకుంటారు. తెలీకపోతే తెలీదని సెప్పీవలసింది. మార్చిలో సెప్పినా ఎవులికో అమ్మీసుందుము.” నిజమే. మార్చిలో ఆ రసీదుకి ఇంకా కొనేవాళ్ళున్నారు. నేను తేదీలు చెబుతూ ఆయన చేతికందిన ఆ అవకాశాన్ని లాగేశాను.

ఇలాంటిది ముందే జరిగిందని తర్వాత చదివాను. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని బటర్‌ఫ్లై ల్యాబ్స్ అనే కంపెనీ 2012 నుంచి మైనింగ్ యంత్రాలకు ముందే డబ్బు కట్టించుకుంది. 2013 సెప్టెంబరు నాటికి ఇరవై వేలమందికి పైగా కొనుగోలుదారులకు యంత్రాలు అందలేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కోర్టుకెక్కింది. అందినవి కూడా అందేసరికి పాతబడి పనికిరాకుండా పోయాయని ఆ ఫిర్యాదు. ఈ కథంతా నేను డబ్బు కట్టడానికి మూడేళ్ళ ముందే లోకానికి తెలుసు. ఒక సాయంత్రం కూర్చుని వెతికి ఉంటే దొరికేది. నేను ధరలు మాత్రమే వెతికాను.

నవంబరు మధ్యలో ధర మళ్ళీ కుప్పకూలి, డిసెంబరుకి మూడు వేల డాలర్ల చిల్లరకి దిగింది. షాపులో ఉన్న యంత్రాలు పదిహేను వేల చొప్పున అమ్మేశాను. స్నేహితులకు నా మార్జిన్ తిరిగిచ్చాను. వాళ్ళలో ఒకరు ఇప్పటికీ నాతో మాట్లాడరు, ఆయన్ను తప్పుపట్టను. విజయనగరం లెక్చరర్ గారి నలభై వేలు పంపిస్తే, తాను ఇష్టపడే కొన్నానని వెనక్కి పంపేశారు. బావ చేత కట్టించిన మొత్తం నేనే తీర్చాను, ఒకేసారి కాదు, షాపు మీద వచ్చినదాంట్లోంచి కొంచెం కొంచెంగా. చివరి విడత 2022లో ఇచ్చాను. శ్లాబు ఆ తర్వాతే పడింది.

ఈ మధ్య మళ్ళీ కుర్రాళ్ళు షాపుకొచ్చి మైనింగ్ యంత్రం గురించి అడుగుతున్నారు. 2024 ఏప్రిల్ నుంచి బ్లాకుకి వచ్చేది 3.125 బిట్‌కాయిన్లే. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద ముప్పై శాతం పన్ను, అందులో యంత్రం ఖర్చును కొనుగోలు ధరగా చూపించుకోవడం కుదరదని కేంద్ర ఆర్థికశాఖ ఆ మార్చిలోనే పార్లమెంటుకి చెప్పింది. మన ఇళ్ళకి నాలుగు వందల యూనిట్లు దాటితే యూనిట్ తొమ్మిది రూపాయల డెబ్బై ఐదు పైసలని 2022 టారిఫ్‌లో ఉంది. ఈ మూడూ చెప్పి పంపిస్తాను. అయినా కొంటామంటే ఒక్కటి కోరుకుంటున్నాను. అడ్వాన్సు ఇచ్చేముందు డెలివరీ తేదీ కాగితం మీద రాయించుకోండి, ఆ తేదీ దాటితే మొత్తం డబ్బు వెనక్కిస్తామని దాని కిందే రాయించుకోండి. అలా రాయనన్నవాడికి, వాడు మీ సొంత బావమరిదైనా సరే, డబ్బు ఇవ్వకండి.