సా దొరకని పెట్టె

(హైదరాబాదులో మేడమీద గది. మే నెల, మిట్టమధ్యాహ్నం. బల్ల మీద చెక్క చట్రం, దానికి బిగించిన అల్యూమినియం పలకలు, వాటి మీద చిక్కుపడ్డ జుట్టులా రంగురంగుల తీగలు: విడి మాడ్యూళ్లు బిగించి కట్టుకునే సింథసైజర్. అప్‌గ్రేడ్ అల్లుడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఉన్నాడు. ఆరేళ్లుగా అలాగే ఉన్నాడు. పద్యనాటకాలకు వాయించి వాయించి విశ్రాంతి తీసుకుంటున్న హార్మోనియం మామయ్య కాఫీ గ్లాసుతో వచ్చాడు.)

మామయ్య: ఏరా అల్లుడూ, ఇవాళైనా మోహన వినిపిస్తావా?

అల్లుడు: పాత ఆసిలేటర్ పీకేస్తున్నా మామయ్యా. ఇదొక్కటి మారిస్తే ఇక వాయించడమే.

మామయ్య: ఉగాదికి ఫిల్టర్ మార్చినప్పుడూ ఈ మాటే అన్నావు. దానికేం రోగం?

అల్లుడు: శ్రుతి జారుతోంది. ఇందులో స్థాయికి ఒక వోల్టు లెక్క. స్వరస్థానానికి 83 మిల్లీవోల్టులు. ఆ లెక్క చూసే ట్రాన్సిస్టర్ల జంటకి ఎండ పడదు. పది డిగ్రీలు పెరిగిందా, మూడు స్థాయిల పైనున్న స్వరం ఓ మెట్టు దిగి కూర్చుంటుంది.

మామయ్య: మాఘంలో మోహన ఎత్తుకుంటే వైశాఖానికి ఇంకేదో రాగంలో తేలతావన్నమాట.

అల్లుడు: అందుకే కొత్తదాంట్లో జంట వీపుకి ఈ రెసిస్టర్ అంటిస్తున్నా. డిగ్రీకి 0.33 శాతం ఇదీ పెరుగుతుంది. ఆ తప్పూ ఈ తప్పూ చెల్లుకు చెల్లు.

మామయ్య: మా సమాజంలో కృష్ణుడూ అర్జునుడూ ఇంతే. ఇద్దరూ అపశ్రుతే, కలిసి పాడితే జనం పట్టేవాళ్లు కాదు. సరే, మొదట్లో ఈ పెట్టెలతో వేగినవాళ్లు ఏం చేసేవాళ్లు?

అల్లుడు: వెండీ కార్లోస్ 1968లో మూగ్ సింథసైజర్ మీద బాఖ్ సంగీతం రికార్డు చేసింది. అది ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. పైగా శ్రుతి నిలిచేది కాదు. సరిచేసుకోవడం, వాయించడం, మళ్లీ సరిచేసుకోవడం.

మామయ్య: జారే పెట్టెతో ఆవిడ ఏకంగా రికార్డే వదిలింది!

(అల్లుడు వినపడనట్టు కేబుల్ అందుకున్నాడు. ఈ అప్‌గ్రేడ్ జాతికి ఆ విద్య పుట్టుకతోనే అబ్బుతుంది.)

మామయ్య: ఆగాగు, ఆ ఎర్రగీత మైనస్ వైపు పెట్టావు!

అల్లుడు: ఈ మాడ్యూళ్లది యూరోర్యాక్ పద్ధతి. అందులో ఎర్రగీతే మైనస్ 12 వోల్టులు. పోయిన నెల నేనూ మీలాగే అనుకుని గుచ్చా. రెండు చిప్పులు పోయాయి.

మామయ్య: అదా ఆ కంపు! సాంబారు మాడిందని మీ అత్తయ్య వంటింట్లోకి పరిగెత్తింది.

(స్విచ్ వేశాడు. సా. రాతిలో చెక్కినట్టు, ఇసుమంత కదలకుండా.)

మామయ్య: శభాష్! ఇక అందుకో.

అల్లుడు: (దిగులుగా) మరీ బిగుసుకుపోయింది మామయ్యా. పాత సింథుల్లో ఉండే ఆ వణుకు ఏదీ? ఆ ప్రాణం ఏదీ?

మామయ్య: అయితే?

అల్లుడు: శ్రుతిని అటూ ఇటూ కాస్త ఊపే మాడ్యూలొకటి కట్టాలి. సరుకంతా కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. అదొక్కటీ పెడితే ఇక వాయించడమే.

(మామయ్య వంగి, చెత్తబుట్టలోంచి పాత ఆసిలేటర్ తీశాడు. కండువాతో దుమ్ము తుడిచాడు.)

మామయ్య: ఊగేదే కదా, నా దగ్గరొకటుంది. మేనల్లుడివి కాబట్టి ఐదొందలకిస్తా.